పక్షపాతం లేని సరస్సు

ఇకమీదట ఈ ప్రభుత్వం తయారుచేసే భవిష్యత్తులో పక్షపాతం రవ్వంత కూడా ఉండబోదని భవిష్యత్ శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఇంతకుముందు తయారుచేసిన భవిష్యత్తులో కొంత ఉన్నట్టు తమ దృష్టికి వచ్చిందనీ, అయినా అందుకు చింతించడం లేదనీ, చింతించడం గతానికి సంబంధించిన పని కాబట్టి తమ శాఖ పరిధిలోకి రాదనీ సెలవిచ్చారు. విలేకరులు రాసుకునేందుకు మధ్యమధ్యలో ఆగారు కూడా. అంతటి మనసున్న మనిషి.

ఆ ప్రకటన టైపు చేసింది ఆ శాఖలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న టైపిస్టు. ముప్పై ఏళ్ల తరవాత ఊరు ఎలా ఉంటుందో చెప్పే నివేదికను టైపు చేసిందీ ఆమే. అందులో నూట నలభయ్యో పేజీలో ఒక పటం ఉంది. తను కాపురముంటున్న వెనక వీధి ఉండాల్సిన చోట నీలం రంగు పూసి, పక్కనే చిన్న అక్షరాలతో ‘సరస్సు, విహారం కోసం’ అని రాశారు. ఆ సాయంత్రమే కుట్టుమిషను ముందున్న అత్తగారికి సంగతి చెప్పింది.

అత్తగారు మిషను ఆపలేదు. "ముప్పై ఏళ్లకి కదా," అంది.

"పనులు మాత్రం వచ్చే ఏడే మొదలట, అత్తయ్యా."

అప్పుడు ఆగింది మిషను. ఆ కిటికీ పక్కనే కూర్చుని వీధి మొత్తానికీ ముప్పై నాలుగేళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. ఆ రోజు నుంచీ కోడలు గుమ్మంలో చెప్పులు విడవకముందే ఒకటే ప్రశ్న. "ఏమన్నారే, ఉన్నామా?"

ఇక పక్షపాతం ఎలా బయటపడిందంటే, శాఖను చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ నివేదిక తిరగేశాడు. ముప్పై ఏళ్ల తరవాత ప్రతి ఇంటికీ రెండు కార్లూ, తోటా, చుట్టాల కోసం విడిగా ఒక గదీ ఉంటాయని చదివి, "ఇది రాసినవాళ్లు ఎక్కడుంటారు?" అని అడిగాడు. రాసిన ఏడుగురూ ఊళ్లో డబ్బున్నవాళ్లుండే పైరోడ్డులోనే ఉంటారు. ఒకరి గేటు దగ్గర నిలబడితే మిగతా ఆరుగురి గేట్లూ కనిపిస్తాయి. శాఖ పరువు పోయినంత పనైంది. వెంటనే ఒక కన్సల్టెంటును రప్పించారు. భవిష్యత్తులోంచి పక్షపాతం ఏరిపారేసి, సాంస్కృతిక సున్నితత్వం కలపడం ఆయన వృత్తి.

"కమిటీలో అన్ని రకాలవాళ్లూ ఉండాలి," అన్నాడు కన్సల్టెంటు మొదటి మీటింగులో.

"ఉన్నారండీ," అని డైరెక్టరుగారు కొత్త జాబితా అందించారు. "ఈసారి రోడ్డుకి అటువైపు వాళ్లను కూడా తీసుకున్నాం."

"మరి పేదవాళ్లు?"

"ఈమెయిల్ పంపామండీ. జవాబు లేదు."

మంత్రిగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "మౌనం వాళ్ల సంస్కృతి అయ్యుండొచ్చు. దాన్ని మనం గౌరవించాలి," అన్నారు.

కన్సల్టెంటుకి కళ్లు చెమర్చాయి. పాతికేళ్ల సర్వీసులో ఇంత సున్నితమైన మంత్రిని చూడలేదన్నాడు. ఆ మాట మినిట్స్‌లో ఎక్కించమని టైపిస్టుకి సైగ వచ్చింది. ఆమె ఎక్కించింది. ఎక్కించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకుని, "సార్, మాది వెనక వీధేనండి," అంది.

మూలనున్న బీరువా మాట్లాడినట్టు అందరూ ఉలిక్కిపడి చూశారు. ఆ తరవాత జరిగిన మర్యాద చెప్పనలవి కాదు. బల్ల దగ్గరికి కుర్చీ లాగి, అక్కడికక్కడే కమిటీలో చేర్చుకున్నారు. రోజూ కాగితం గ్లాసులో టీ తాగే మనిషికి బంగారు అంచున్న పింగాణీ కప్పూ సాసరూ వచ్చాయి. ఫోటోగ్రాఫరు వచ్చి, "కప్పు కొంచెం పైకి పట్టుకోమ్మా, భవిష్యత్తు వైపు చూడు," అన్నాడు. ఎటని అడిగితే కిటికీ చూపించాడు. అందులోంచి సైకిళ్ల షెడ్డు కనిపించింది.

"చెప్పమ్మా, నీ కల ఏమిటి?" అన్నారు మంత్రిగారు.

"మా వీధి ఉండాలండి."

"ఎంత గొప్ప మాట. ఇంకా?"

"అంతేనండి. నూట డెబ్బై ఇళ్లు. మా అత్తగారు కుట్టేదంతా ఆ ఇళ్లకే. ఇంకెక్కడికన్నా తోలేస్తే ఆవిడెవరో ఎవరికీ తెలీదు."

కమిటీ చలించిపోయింది. రెండు గంటలు తర్జనభర్జన పడింది. పటం కింద ఉన్న ‘తొలగింపు’ అనే మాట మనసు నొప్పిస్తుందని కొట్టేసి ‘జలరూపంలో కొనసాగింపు’ అని మార్చారు. సరస్సుకి వెనక వీధి పేరే పెడదామన్నారు డైరెక్టరుగారు. ‘వెనక’ అనడం చిన్నచూపు అవుతుందన్నాడు కన్సల్టెంటు. చివరికి ‘ముందడుగు సరస్సు’ అని ఖాయం చేశారు. టైపిస్టు ఏదో అనబోయింది.

"మీ ఆవేదన నమోదైందమ్మా," అన్నాడు కన్సల్టెంటు ఎంతో సున్నితంగా.

"ఏమన్నారే, ఉన్నామా?" అంది ఇంటి దగ్గర అత్తగారు.

"ఇంకా మాట్లాడుకుంటున్నారు అత్తయ్యా," అంది కోడలు. అలా తప్పించుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మూడు నెలలకు ఆఖరి ఘట్టం వచ్చింది. కన్సల్టెంటు దేశాలు తిరిగి నేర్చుకొచ్చిన పద్ధతి ప్రకారం కమిటీలో ప్రతి ఒక్కరూ ఒక ఫారం నింపాలి. ‘ఈ నివేదిక విషయంలో నాకు పక్షపాతం ఉంది/ లేదు. ఉంటే కారణం రాయండి.’ పైరోడ్డుకి ఇటువైపు ఏడుగురూ, అటువైపు ఏడుగురూ ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టారు. మంత్రిగారు అక్కడే రెండు టిక్కులు పెట్టారు. డైరెక్టరుగారు మంత్రిగారి ఫారంలోకి తొంగిచూసి ఒక్కటే పెట్టారు.

ఆ ఫారం టైపు చేసింది టైపిస్టే. పదకొండేళ్లలో తను టైపు చేసిన ప్రశ్నకి తననే జవాబు అడగడం అదే మొదటిసారి. అందుకని శ్రద్ధగా ఆలోచించింది. ‘ఉంది’ దగ్గర టిక్కు పెట్టి, కింద గుండ్రటి అక్షరాలతో రాసింది. ‘నేను ఆ వీధిలో ఉంటాను కాబట్టి ఆ వీధి ఉండాలని కోరుకుంటున్నాను. పైరోడ్డు వాళ్లకి కూడా వాళ్ల రోడ్డు మీద అలాగే ఉంటుందనుకుంటాను.’

కన్సల్టెంటు ఫారాలు ఒక్కొక్కటే తిరగేస్తూ దాని దగ్గర ఆగాడు. లేచి నిలబడ్డాడు.

"దొరికింది," అన్నాడు.

గది చప్పట్లతో దద్దరిల్లింది. మూడు నెలలుగా వెతుకుతున్న పక్షపాతం ఎక్కడో కాదు, గదిలోనే ఉంది. అదీ ఒకే ఒక్క మనిషిలో, కారణంతో సహా. మంత్రిగారు స్వయంగా వచ్చి ఆమె నిజాయితీని మెచ్చుకున్నారు. భోజనాల వేళ దాటకముందే ఆమెను కమిటీ నుంచి తప్పించి, భవిష్యత్ శాఖ నుంచి కింది అంతస్తులోని పాత రికార్డుల గదికి బదిలీ చేశారు. ఆమె రాసినదాంట్లో రెండో వాక్యం కొట్టేశారు, పైరోడ్డు వారి మనోభావాలు దెబ్బతినకూడదని.

‘పక్షపాత రహితం’ అన్న ముద్రతో నివేదిక విడుదలైన రోజే, టేపూ నీలం రంగు డబ్బా పట్టుకుని ఇద్దరు మనుషులు వెనక వీధిలోకి వచ్చారు. సున్నితత్వంలో రెండు రోజులు శిక్షణ పొందినవాళ్లు. ప్రతి ఇంటి ముందూ ఆగి, "నమస్కారమండీ, మీ సంస్కృతిని గౌరవిస్తున్నాం," అని, తలుపు మీద ఒక నీలం చుక్క పెట్టి, వినయంగా పక్కింటికి వెళ్లారు.

టైపిస్టు ఇంటికొచ్చేసరికి తలుపు మీద చుక్క ఇంకా ఆరలేదు. అత్తగారు మిషను ముందే కూర్చుని ఉంది గానీ ఏమీ కుట్టడం లేదు.

"ఏమన్నారే, ఉన్నామా?"

కోడలు సంచిలోంచి నివేదిక తీసి మిషను బల్ల మీద పెట్టింది. "ఉన్నాం అత్తయ్యా. అట్ట మీద."

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. అట్ట నిండా కోడలే, కప్పు ఎత్తి పట్టుకుని ఎటో చూస్తూ. కింద ‘ఇది ప్రజల గొంతు’ అని పెద్దక్షరాలు.

"కప్పు బాగుంది," అంది. "నీకే ఇచ్చేశారా?"

"లేదు. ఫోటో అయ్యాక తీసేసుకున్నారు."