నేలపిట్ట అడవిలో పద్నాలుగు అడుగులు

ఆ రోజు చేయాల్సిన పనులన్నీ డాక్టరమ్మ ఒక కాగితం మీద రాసి, మ్యూజియం రెండో అంతస్తు తలుపుకు అంటించింది. ఏడున్నరకు అడుగుజాడలు. తొమ్మిదికి మట్టి ఆరబెట్టడం. పదిన్నరకు గాజు బిగించడం. పదకొండుకు కమిటీ. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, పక్షుల మీద పరిశోధన చేసిన డాక్టరు. అయినా వాచ్‌మన్ తన మోకాలి నొప్పికి ఆమెనే సలహా అడిగేవాడు. ఆమె కూడా విసుక్కోకుండా వేడినీళ్ల కాపడం పెట్టుకోమనేది.

తలుపు లోపల పడకగదంత అడవి ఒకటి సిద్ధంగా ఉంది. మూడు వైపులా రంగులేసిన గోడలు, పైన దోమతెర, ముందు వైపు గాజు రావలసిన ఖాళీ. మూడు వందల ఏళ్ల కిందట ఒక దీవిలో అంతరించిపోయిన నేలపిట్ట అనే ఎగరలేని పక్షి బతికిన చోటు అది. ఆ పక్షి తాలూకు ఈ లోకంలో మిగిలినవి ఒక కాలి ఎముక, సగం ముక్కు, ఒక నావికుడు గీసిన బొమ్మ. నావికుడికి బొమ్మలు గీయడం రాదు. అందుకని డాక్టరమ్మ ఆ దీవి బురదలో దొరికిన పుప్పొడిని నాలుగేళ్లు మైక్రోస్కోపు కింద పరీక్షించి, ఏ మొక్క పక్కన ఏ మొక్క ఉండేదో తేల్చింది. ముప్ఫై ఏళ్లుగా మ్యూజియంలో బొమ్మలు చేస్తున్న మాస్టారు ఆమె చెప్పినట్టే పొదలు నాటారు, జిగురు పోసి వాగు పారించారు, బాతు ఈకలతో నేలపిట్టను చేసి వాగు ఒడ్డున నిలబెట్టారు.

కమిటీ ఒప్పుకుంటే ఆ గది అడవికి, లేకపోతే కింది క్యాంటీనుకు. పన్నెండు బల్లలు పడతాయని డైరెక్టరు అప్పటికే టేపుతో కొలిపించారు. తీర్పు చెప్పవలసిన అధ్యక్షురాలు రిటైరైన ప్రొఫెసరు. కిందటి నెల వచ్చి, అంతా చూసి, "హోటలు ముందు తోటలా ముద్దుగా ఉందమ్మా. ఏ పక్షీ ఇక్కడ కాపురం పెట్టదు," అని వెళ్లిపోయారు. ఆ తర్వాత వారం రోజులు డాక్టరమ్మకు భోజనం సహించలేదు. మాస్టారు రోజూ తన అన్నం డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపేవారు.

అడుగుజాడల ఆలోచన అలా పుట్టింది. పక్షి తిరిగిన ఆనవాలుంటే తోట అడవవుతుందని డాక్టరమ్మ నమ్మకం.

"చెక్కతో కాలు చేసి ముద్రలు వేసేస్తానమ్మా. అరగంట పని," అన్నారు మాస్టారు.

"చెక్కతో వేస్తే చెక్క నడిచినట్టే ఉంటుంది మాస్టారూ. ప్రాణమున్నది వేళ్ల మీద బరువు మోపుతుంది. నేలపిట్టకున్నట్టే రెండు కిలోల రెండొందల గ్రాముల బరువున్న పక్షి కావాలి నాకు."

"మా అత్తగారి కోడి ఉందండీ," అన్నాడు వాచ్‌మన్. "బరువులో దానికి సాటి లేదు. కోపంలో మా అత్తగారు తప్ప సాటి లేరు."

కోడి ఏడింటికల్లా సంచిలో వచ్చింది. పార్సిళ్లు తూచే త్రాసు మీద యాభై గ్రాములు తగ్గింది. డాక్టరమ్మ దానికి యాభై గ్రాముల మొక్కజొన్న గింజలు పెట్టించి మళ్లీ తూచింది. మాస్టారు తలుపు వైపు తిరిగి కాసేపు దగ్గారు.

తడి బంకమట్టి మీద కోడిని దింపారు. అది వాగు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, పద్నాలుగు అడుగులు వేసింది. ఒక్కొక్కటీ అచ్చు గుద్దినట్టు పడింది. డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్నాలుగో అడుగు తర్వాత కోడి పొదలోకి దూరి, అక్కడి గూట్లో సున్నంతో చేసి పెట్టిన రెండు గుడ్ల మీద కూర్చుంది. ఇక లేవలేదు.

"అయ్యో, చెప్పడం మరిచాను," అన్నాడు వాచ్‌మన్. "వారం నుంచి పొదిగే పట్టు మీద ఉందండీ. గుడ్లు దొరక్క నిన్నంతా బంగాళాదుంప మీద కూర్చుంది."

లోపలికి అడుగు పెడితే జాడలు చెరిగిపోతాయి. బయటి నుంచి పిలిచారు, బతిమాలారు, గింజలు చల్లారు. కోడి కన్నొకటి మూసుకుంది. చివరికి మాస్టారు బూజుకర్ర తెచ్చి మెల్లగా చాపారు. కోడి దాన్ని ముక్కుతో ఒక్కటిచ్చింది. కర్ర పక్కకు తిరిగి నేలపిట్ట మెడకు తగిలింది. మూడు వందల ఏళ్ల తర్వాత నేలపిట్ట మొదటిసారి కదిలి, ఇంకా ఆరని జిగురు వాగులో బోర్లా పడింది.

కర్రకు కొక్కెం కట్టి బయటికి లాగేసరికి ఒక పక్క ఈకలన్నీ వాగులోనే ఉండిపోయాయి. మిగిలిన పక్కను చూస్తే జాలేసేలా ఉంది. ముగ్గురూ దాన్ని పసిబిడ్డలా పట్టుకుని, ఈకలు అంటించడానికి వెనక గదిలోకి పరిగెత్తారు. అక్కడికే వాచ్‌మన్ అత్తగారు దిగింది.

"అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా! ఏదయ్యా నా కోడి?"

"శాస్త్రం పనిలో ఉంది అత్తయ్యా."

"నీ శాస్త్రం తగలెయ్య! నన్నడగాలని తెలీదూ? పిల్లనడిగినప్పుడు వచ్చిన నోరు కోడినడగడానికి రాలేదా?"

డాక్టరమ్మ ఆవిడ చేయి పట్టుకుని, తప్పు తనదని చెప్పి, కుర్చీ వేసింది. అంత మర్యాద ఊహించని ఆవిడ కూర్చుని, తానూ నాలుగు ఈకలు అంటించింది.

తిరిగి వచ్చి చూస్తే అడవికి గాజు బిగించి ఉంది. గాజు మేస్త్రి పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"లోపల కోడి ఉంది కదయ్యా!" అన్నారు మాస్టారు.

"లోపల పక్షి ఉంటుందన్నారు. ఉంది. పదిన్నరకు బిగించమని రాశారు. బిగించాను," అన్నాడు మేస్త్రి. "మరలు విప్పాలంటే మళ్లీ అరగంట పడుతుంది."

మెట్ల మీద కమిటీ అడుగుల చప్పుడు వినిపించింది. మాస్టారు నేలపిట్టను తువాలులో చుట్టి వీపు వెనక దాచుకున్నారు.

"కదలకుండా ఉంటే చాలు," అని గొణిగారు. కోడితో అన్నారో డాక్టరమ్మతో అన్నారో తెలియలేదు.

అధ్యక్షురాలు గాజు దగ్గరికి వంగారు. పొదలోంచి తల ఒక్కటే కనిపిస్తోంది. "అరే, కన్నార్పుతోందే. మోటారా?"

"అలాంటిదేనండీ," అన్నారు మాస్టారు.

"మనవాళ్లు చేసిందేనా?" అన్నారు డైరెక్టరు.

"కాదండీ, బయటి నుంచి తెప్పించాం," అన్నారు మాస్టారు మళ్లీ.

"మోటారేంటి నీ మొహం! అది నా కోడి!" అంది అత్తగారు వెనక నుంచి.

డాక్టరమ్మ ముందుకొచ్చి జరిగిందంతా దాచకుండా చెప్పింది. మాస్టారు తువాలు విప్పి చూపించారు. డైరెక్టరు విచారంగా తలాడిస్తూ జేబులో టేపు తడుముకున్నారు.

అధ్యక్షురాలు మాత్రం గాజు వదల్లేదు. లోపల కోడి లేచి, సున్నపు గుడ్లను ముక్కుతో అటూ ఇటూ పొర్లించి, రాలిన ఆకులు చుట్టూ లాక్కుని మళ్లీ కూర్చుంది.

"ఆ గూటికి ఆ చోటెవరు చూశారు?"

"నేనే మేడమ్. పుప్పొడిని బట్టి అక్కడే నీడ ఉండాలనిపించింది."

"కోడినక్కడ ఎవరు కూర్చోబెట్టారు?"

"ఎవరూ కూర్చోబెట్టలేదండీ. అదే వెళ్లింది. లేపడానికే మా తాతలు దిగొచ్చారు," అన్నాడు వాచ్‌మన్.

"ఇంట్లో గంప పెట్టాను, గడ్డి పెట్టాను, పాత దిండు పెట్టాను," అంది అత్తగారు బాధగా. "పెట్టిన చోట ఒక్క పూటన్నా కూర్చోలేదు."

అధ్యక్షురాలు కళ్లజోడు తీశారు. "అయితే కాపురం పెట్టిందన్నమాట."

"అలా రాయకండి మేడమ్," అంది డాక్టరమ్మ. "ఒక్క కోడి సాక్ష్యం చెల్లదు. అది బంగాళాదుంప మీద కూడా కూర్చుంది."

మాస్టారు ఆమె కాలు మెల్లగా తొక్కారు. అప్పటికే ఆలస్యమైంది. అధ్యక్షురాలు డాక్టరమ్మ వైపు తిరిగి కలం తీశారు.

"గది పోయేటప్పుడు కూడా నీ మీద నువ్వే అభ్యంతరం చెప్పుకున్నావంటే, పుప్పొడి దగ్గరా అబద్ధమాడి ఉండవు. ఈ అడవి తీయొద్దు," అని కాగితం మీద సంతకం పెట్టారు.

"మరి కోడి?" అన్నారు డైరెక్టరు నీరసంగా.

"సున్నపు గుడ్లతో దాన్ని మోసం చేస్తే ఊరుకోను," అంది అత్తగారు. "అసలు గుడ్లు తెస్తాను. ఇరవయ్యొక్క రోజులు దాని జోలికి ఎవరూ పోవద్దు."

మర్నాటి నుంచి మాస్టారు నిచ్చెనెక్కి, పై దోమతెర తొలగించి గింజలు దించసాగారు. చూడవచ్చినవాళ్ల వరస మెట్లు దిగి క్యాంటీను దాకా సాగింది. మ్యూజియం వార్షిక నివేదికలో, అంతరించిన పక్షి ఆవాసాన్ని తిరిగి నిర్మించడంలో ఎదురైన ముఖ్యమైన ఇబ్బంది ఏమిటన్న ప్రశ్నకు, డాక్టరమ్మ ఎంతో ఆలోచించి రెండే మాటలు రాసింది: "ఖాళీ చేయించడం."