శవం రెప్ప వేసింది

ఆ ఆదివారానికి వర్షిణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తలంటు పోసుకోవడం, అమ్మ ఏలూరు నుంచి పంపిన చీర కట్టుకోవడం, గురుగ్రామ్‌లో మెట్రో ఎక్కి ద్వారకలో దిగడం, కిరీటి వాళ్ళ అమ్మానాన్నలకు నచ్చడం, నాలుగింటికల్లా తిరిగొచ్చి బట్టలు ఉతుక్కోవడం. మొదటి మూడూ తన చేతిలో పనులే కాబట్టి సజావుగా జరిగిపోయాయి. నాలుగోదాని మీదే ఆమె పెళ్ళి ఆధారపడి ఉంది. అబ్బాయి వైపు వాళ్ళు మనస్ఫూర్తిగా సరేనంటేనే తను తాంబూలాలు పుచ్చుకుంటానని ఆమె తండ్రి ముందే చెప్పేశాడు.

ద్వారక సెక్టార్ పది స్టేషన్ బయట కిరీటి ఎదురుచూస్తున్నాడు. ఢిల్లీలో పుట్టి పెరిగినవాడు. తెలుగు అర్థమవుతుంది గానీ, నోటికి అంత తొందరగా రాదు.

"సునో, డాడీ నీకొక మూవీ చూపిస్తారు. ఆయన అందులో ఉన్నారు. బస్, బాగుందని చెప్పెయ్" అన్నాడు.

"ఏ సినిమా?"

"చౌకీ నంబర్ సత్రా."

వర్షిణి మెట్రో మెట్ల మీదే ఆగిపోయింది. అది ఇరవై రెండేళ్ళ కిందటి యుద్ధం సినిమా. అప్పట్లో దానికి రాని అవార్డు లేదు. ఆనాటి అవార్డులు ఈనాటికి చెల్లుతాయా లేదా అని పాత సినిమాలను పరీక్షించి, ముఖం చూపించకుండా గొంతుతో మాత్రమే వీడియోలు పెట్టడం వర్షిణికి కాలక్షేపం. ఆఫీసుకు వెళ్తూ వస్తూ రెండు రోజుల్లో, ఒకటిన్నర రెట్ల వేగంతో ఈ సినిమా చూసేసి, పోయిన వారమే తీర్పు చెప్పేసింది. చెల్లదని. పైగా యాభై మూడో నిమిషంలో మంచులో పడి ఉన్న శవాల్లో ఒకటి రెప్ప వేయడం పట్టుకుంది. ఆ బొమ్మ ఆపి, పెద్దది చేసి, చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "ఈ సినిమా మొత్తమ్మీద కాస్త ప్రాణం ఉన్నది ఈ శవానికే" అంది. నాలుగు లక్షల మంది చూసి నవ్వుకున్నారు.

"మీ నాన్నగారిది అందులో ఏ పాత్ర?" అని అడిగింది, ఏ మూలో ఇంకా ఆశ ఉండి.

"డెడ్ బాడీ" అన్నాడు కిరీటి.

ఆమె విషయం చెప్పింది. అతను తల పట్టుకున్నాడు. అక్కడికక్కడే వీడియో తీసేసింది. అయినా అది ఇప్పటికే ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగిందో, ఆమె నోరు విప్పితే ఆ గొంతు ఎవరు గుర్తు పడతారో తెలియదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏ ఇబ్బంది వచ్చినా ముందు మ్యూట్ నొక్కుతారు. కిరీటి అదే చేశాడు. గొంతు పట్టేసిందని ఇంట్లో చెబుతానని, సాయంత్రం దాకా ఆమెను మాట్లాడవద్దన్నాడు.

కిరీటి తండ్రి జనార్దనరావు ఒక మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీగా రిటైరైన మనిషి. ఆయన డ్రాయింగు రూములో దేవుడి పటాల కన్నా ఎత్తున ఒక ఉత్తరం ఫ్రేము కట్టి ఉంది. ఆయన ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, ఫరీదాబాద్ అవతలి గుట్టల్లో మే నెల ఎండలో ఉప్పు కుమ్మరించి మంచు అనిపించి ఆ సినిమా తీశారు. శవాలకు మనుషులు తక్కువైతే ఆయన ఆఫీసు వాళ్ళను పిలిచారు. ప్రభుత్వోద్యోగి సినిమాలో నటించాలంటే శాఖ అనుమతి కావాలి. అందరూ ఊరికే వెళ్ళి పడుకుంటే ఆయన మాత్రం దరఖాస్తు పెట్టుకున్నాడు. ఫైలు ఆరు బల్లలు తిరిగింది. కార్యాలయ విధులకు భంగం కలగకుండా, ఎటువంటి పారితోషికమూ స్వీకరించకుండా, మృత సైనికుడిగా నటించుటకు అనుమతించడమైనదని జవాబు వచ్చింది. వర్షిణి ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, చేతులు జోడించి నమస్కారం పెట్టింది. మాట్లాడకూడదు కాబట్టి అంతకన్నా చేయగలిగింది లేదు.

గొంతు సంగతి వినగానే కిరీటి తల్లి లక్ష్మీకుమారి వంటంతా పక్కన పెట్టేసింది. గుత్తివంకాయ కూర గొంతుకు పడదు, పులిహోర పులుపు, ఆవడలు సరేసరి. వర్షిణి కంచంలోకి మెత్తగా చారన్నం వచ్చింది. ఆ తర్వాత మిరియాల కషాయం, ఆపైన తలకు దుప్పటి కప్పి ఆవిరి. దుప్పటి తీసేసరికి కాటుక బుగ్గల దాకా దిగింది. ఇంత చేసినా పిల్ల కిక్కురుమనకపోయేసరికి ఆ తల్లికి వేరే అనుమానం తగిలి, కొడుకును వంటింట్లోకి లాగింది.

"ఆ పిల్లకి పుట్టుకతోనే మాట రాదా ఏమిట్రా? ఉన్నదున్నట్టు చెప్పెయ్, నేనేమీ అనుకోను" అంది.

"నో మమ్మీ. బహుత్ మాట్లాడుతుంది. రోజంతా మాట్లాడుతుంది" అన్నాడు కిరీటి, కాబోయే భార్యను కాపాడుకుంటున్నాననుకుని.

దాంతో వ్యవహారం మరీ చెడింది. అందరితో మాట్లాడే పిల్ల తమతో మాట్లాడటం లేదంటే ఈ సంబంధం ఇష్టం లేదన్నమాట. లక్ష్మీకుమారి ముఖం ముడుచుకుంది. ఇదేమీ తెలియని జనార్దనరావు, కింద అంతస్తులో ఉండే పాత సహోద్యోగి సదాశివరావుకు ఫోన్ చేసి రమ్మన్నాడు. రిటైరయ్యాక సదాశివరావు హోమియోపతి పుస్తకాలు చదివి ఊరందరికీ మాత్రలు పంచుతున్నాడు. వచ్చీ రాగానే వర్షిణి నోరు తెరిపించి, ఫోన్ టార్చితో లోపలంతా వెతికాడు.

"గొంతు అద్దంలా ఉంది. ఏ జబ్బూ లేదు" అన్నాడు.

గదిలో అందరూ ఆమెనే చూశారు. వర్షిణి కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది. ఇంతలో చేతిలో ఉన్న ఫోన్ చూసుకుని సదాశివరావుకు ఇంకోటి గుర్తొచ్చింది.

"అన్నట్టు జనార్దనం, నీ సినిమాని ఎవరో పిల్ల ఉతికి ఆరేసిందోయ్. మన గ్రూపులో వస్తే దాచి ఉంచాను" అన్నాడు.

లోకంలోంచి తీసేసిన వీడియో సదాశివరావు ఫోన్లో భద్రంగా ఉంది. ఆయనకు కాస్త చెవుడు. అందుకని వాల్యూము మొత్తం పెంచి వినిపించాడు. సినిమా ఎంత నీరసమో, ఉపన్యాసాలు ఎంత పొడుగో, అవార్డు ఇచ్చినవాళ్ళు ఎంత ఉదారులో వర్షిణి గొంతు ఇల్లంతా మారుమోగింది. చివరికి ఎర్ర సున్నా, రెప్ప వేసిన శవం. జనార్దనరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ వేయమన్నాడు. రెండోసారి చూశాక కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయన వీపు చూస్తుంటే వర్షిణికి ఏడుపొచ్చింది. నాలుగు లక్షల మంది నవ్వు కోసం ఒక పెద్దమనిషిని ఆయన ఇంట్లోనే చిన్నబుచ్చింది. పెళ్ళి పోతే పోయింది, ఇక నోరు మూసుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"అంకుల్, ఆ వీడియో చేసింది నేనే. తప్పయిపోయింది" అంది.

"అమ్మయ్య, మాటొచ్చింది" అంది లక్ష్మీకుమారి, మిగతాదంతా వదిలేసి.

జనార్దనరావు గిరుక్కున తిరిగాడు. ఆయన ముఖంలో కోపం లేదు.

"ఆ బొమ్మ ఆపి పెద్దది చేసింది నువ్వేనామ్మా?"

"నేనేనండీ. పొద్దున్నే తీసేశాను కూడా."

"తీసేశావా?" అంటూ ఆయన నీరుగారి కుర్చీలో కూలబడ్డాడు.

ఆ శవం తనేనని ఇరవై రెండేళ్ళుగా ఆయన చెబుతూనే ఉన్నాడు. కాదు, అది పక్క సెక్షన్‌లోని టైపిస్టు అని, అదే గుట్టలో ఇంకో శవంగా పడుకున్న సదాశివరావు ఇరవై రెండేళ్ళుగా వాదిస్తూనే ఉన్నాడు. ఆ నలుసంత బొమ్మలో ముఖం ఎవరికీ ఆనేది కాదు. కిరీటి మూడో తరగతిలో మా నాన్న సినిమాలో ఉన్నాడని క్లాసులో చెప్పి, చూపించలేక, అబద్ధాలకోరు అనిపించుకుని ఇంటికొచ్చి ఏడ్చాడు. ఆ తర్వాత వాడు తండ్రి మాట నమ్మడం మానేశాడు, పైకి అనకపోయినా. ఇప్పుడు ఎర్ర సున్నాలో ఉన్న కనుబొమ్మ మీద జనార్దనరావుకున్న కుట్ల మచ్చే స్పష్టంగా కనిపిస్తోంది. సదాశివరావు ఫోన్ దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, నువ్వేనోయ్ అని ఒప్పుకున్నాడు. కిరీటి చాలాసేపు చూశాడు.

"డాడీ, యే తో ఆప్ హీ హో. ఇది మీరే" అన్నాడు మెల్లగా.

ఆ మాటకు జనార్దనరావు కళ్ళు చెమర్చాయి. సర్దుకుని, సినిమా సంగతి అమ్మాయి అన్నది నిజమేనన్నాడు. తను రెండుసార్లు నిద్రపోయాడట, ఒకసారి హాల్లో.

"మరి రెండోసారి?" అంది వర్షిణి.

"షూటింగులో. బాంబు పేల్చారు, మెలకువ వచ్చింది."

అందరూ నవ్వారు, లక్ష్మీకుమారి తప్ప. ఆమె కొంగు దోపుకుని టీవీ ముందుకు వచ్చి నిలబడింది.

"చివరి పావుగంట చూశావా అమ్మాయ్?"

చూశానని, కాకపోతే కాస్త వేగంగా చూశానని వర్షిణి నసిగింది.

"ఈయన తన శవం రాగానే ఆపేస్తారు. సదాశివరావుగారు తన శవం కోసం వెతుకుతూ కథ చూడరు. ఈ ఇంట్లో సినిమా మొత్తం చూసింది నేనొక్కదాన్నే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు" అంది.

అందరినీ కూర్చోబెట్టి ఆ పావుగంటా వేసింది. యుద్ధం ఆగిపోయింది. పదిహేడో నంబరు చౌకీలో మిగిలిన ఒకే ఒక్క సిపాయి హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తున్నాడు. ఒక్కో పేరు పిలిచాక, ఆ మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగుతున్నాడు. ఆఖరున తన పేరు పిలుచుకుని, తనే పలికాడు. ఒకటిన్నర రెట్ల వేగంలో ఆ ఆగడం వర్షిణికి ఆగినట్టే అనిపించలేదు. ఇప్పుడు ప్రతి పేరుకూ జవాబు కోసం ఆమె కూడా ఎదురుచూసింది. సదాశివరావు చప్పుడు చేస్తూ ముక్కు చీదుకున్నాడు.

"మీరన్నదే నిజం ఆంటీ. నేను తొందరపడ్డాను" అంది వర్షిణి.

"మిగతాదంతా నువ్వన్నట్టే దండగమారి సినిమా. లే, కాళ్ళు చేతులు కడుక్కో. గుత్తివంకాయ వడ్డిస్తాను" అంది లక్ష్మీకుమారి.

మరుసటి వారం వర్షిణి పాత వీడియో తిరిగి పెట్టింది. అవార్డు ఆ పావుగంటకు చెల్లుతుందని, మిగిలిన రెండు గంటలకు చెల్లదని ఇంకో వీడియో కూడా చేసింది. మాఘంలో ముహూర్తం కుదిరింది. శుభలేఖ మాత్రం ఇంకా అచ్చుకు వెళ్ళలేదు. పెళ్ళికొడుకు తండ్రి పేరు కింద 'సినీ నటులు' అన్నది 'రిటైర్డ్ అండర్ సెక్రటరీ'కి ముందు రావాలా, తర్వాత రావాలా అనేది తేలక ఆగిపోయింది.