నీలావతవ్వ పద్నాలుగు జబ్బులు

ఆ గురువారం పొద్దున శైలజ పెట్టుకున్న పని ఒక్కటే. ఆ రోజు వచ్చే రికార్డులన్నిటికీ జబ్బు కోడ్లు వేసి సాయంత్రానికి పైఆఫీసుకు పంపాలి. రొద్దం దగ్గర చిన్న సర్కారీ ఆస్పత్రిలో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం ఆమెది, అదీ కాంట్రాక్టు. కోడ్ లేని రికార్డు ఒక్కటి మిగిలినా కాంట్రాక్టు పొడిగించేది లేదని కాగితం వచ్చింది. అన్నం సహించక రెండు రోజులైంది పాపం.

తొమ్మిదింటికే ఎర్రబండపల్లి నీలావతవ్వ వచ్చి బల్ల ముందు నిలబడింది. శనక్కాయ పనుల్లో ఉన్న ఆ ఊరికి ఆస్పత్రికి వచ్చే తీరిక లేదు. అందుకని ఊరి జబ్బులన్నీ వారానికోసారి అవ్వే మోసుకొచ్చి, మాత్రలు మోసుకుపోతుంది. కాగితాల కాలంలో దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

"రాసుకోమ్మా. తిమ్మప్పకు షుగరు. యమునకు మూడోనెల, ఒకటే వాంతులు. గంగాధర కొడుక్కి గవదబిళ్లలు. శ్రీనివాసులుకు ప్రోస్టేటంట..."

"వాళ్ల కార్డులు యాడవ్వా?"

"ఇండ్లల్లో ఉండాయి. నా కార్డు ఉండాది కదా, దాంట్లోనే వేసెయ్."

కంప్యూటరుకు కావలసింది ఒక కార్డు, ఒక జబ్బు. శైలజ రెండూ ఇచ్చింది. పద్నాలుగు సార్లు ఇచ్చింది.

పదింటికి పైఆఫీసు నుంచి డాక్టరు ప్రియదర్శిని ఫోను చేసింది.

"డెబ్బై ఏళ్లామెకు మూడోనెల, ప్రోస్టేటు, గవదబిళ్లలు, ఇంకా పదకొండు! ఏమమ్మా, ఆ పేషెంటు బతికే ఉండాదా?"

"మాత్రలు తీసుకోని ఊరికి పాయ మేడం."

"ఊరికి పంపించేసినావా! అంబులెన్సు పంపిస్తాండా. నేనూ వస్తాండా."

శైలజ సంగతంతా విడమర్చి చెప్పింది. అప్పటికి ఫోను కట్టయి చాలాసేపయింది.

ఆటో కోసం అవ్వ రోడ్డుమీద కూర్చుని ఉండగా అంబులెన్సు ఆమెకన్నా ముందే ఎర్రబండపల్లి చేరింది. "నీలావతమ్మ ఇల్లు యాడప్పా? చానా సీరియస్ అంట" అన్నాడు డ్రైవరు. పొద్దున ఆస్పత్రికి పోయిన మనిషి ఇంటికి అంబులెన్సు వస్తే ఊరు ఏమనుకుంటుంది? అదే అనుకుంది. చేలన్నీ ఖాళీ అయ్యాయి. ధర్మవరంలో ఉన్న కూతురు చందన ఫోనులోనే ఘొల్లుమని బస్సెక్కింది. పెనుకొండ నుంచి పూలదండ వచ్చింది.

"మా జబ్బులన్నీ మోసి మోసి పోతివే తల్లీ!" అని యమున వాంతికీ వాంతికీ మధ్య ఏడ్చింది.

అప్పుడు అవ్వ ఆటో దిగి, మాత్రల సంచీతో గుంపు వెనక నిలబడింది.

"ఎవురు పోయినారు తిమ్మప్పా?"

"నీలావతవ్వ" అన్నాడు తిమ్మప్ప తలెత్తకుండానే.

"ఏ నీలావతి?"

"ఇంకే నీలావతి? ఈ ఇంటామె."

"నేనా!"

తిమ్మప్ప తలెత్తి చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

ఈ గందరగోళంలోకి ప్రియదర్శిని జీపు వచ్చింది, దారిలో ఎక్కించుకున్న శైలజతో సహా. సంగతి తెలిశాక డాక్టరమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఒకరి జబ్బు ఇంకొకరి కార్డులో వేస్తావా? ఇట్లా తప్పుడు లెక్కలు రాసేవాళ్లకు ఈ ఉద్యోగం ఎందుకు?"

శైలజకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోంచే చుట్టూ చూసింది. ఏనాడూ ఆస్పత్రి మొహం చూడని ఊరు ఊరంతా అక్కడే ఉంది!

"మేడం, అందరూ ఈడే ఉండారు. ఇప్పుడే రాసేద్దామా?"

కార్డులు తెమ్మని కేక పడింది. అవ్వ ఇంటి అరుగుమీద ప్రియదర్శిని ఒక్కొక్కరినీ పరీక్షించింది, శైలజ వెంట తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఎవరి జబ్బు వాళ్ల కార్డులో ఎక్కించింది. అవ్వ కార్డులోని పద్నాలుగూ కొట్టేశారు. అయిదింటికి అరవై మందీ అయిపోయారు, అవ్వ ఒక్కతే మిగిలింది.

"నీకేముండాదవ్వా?"

"నాకేం రోగం? ఏమీ లేదు."

బీపీ చూశారు, షుగరు చూశారు. నిజంగానే ఏమీ లేదు. ఏమీ లేని మనిషి రికార్డును మాత్రం కంప్యూటరు ఒప్పుకోలేదు. ఒక్క ఖాళీ మిగిలినా తన ఉద్యోగం ఉండదని శైలజ చెప్పేసింది.

"అయ్యో, నావల్ల ఈ బిడ్డ ఉద్యోగం పోతాదా! ఎవురన్నా ఒక జబ్బు ఈయండప్పా!" అని అవ్వ ఊరిని బతిమాలింది. ఎవరి దగ్గరా మిగల్లేదు, అన్నీ ఎక్కించేశారు.

పొద్దుపోతోందని ప్రియదర్శిని అరుగుమీంచి లేవబోయి, "అమ్మా!" అంటూ మోకాలు పట్టుకుంది. ఊరంతా ఆమెవైపే చూసింది. ఆమె శైలజ మొహం చూసింది, తర్వాత ఎటో చూసింది.

ఆరింటికి పైఆఫీసు చేరిన జాబితాలో ఖాళీ ఒక్కటీ లేదు. నీలావతవ్వకు మోకాలినొప్పి, నిర్ధారించినవారు డాక్టరు ప్రియదర్శిని.