శేఖర్ చిటికెన వేలు

ఆ పొద్దున వేసుకున్న ప్లానులో తప్పు పట్టడానికేమీ లేదు. శేఖర్ గగన్‌పహాడ్ నుంచి కారులో వచ్చి, శంషాబాద్‌లో శివశంకర్‌ను ఎక్కించుకుంటాడు. ఇద్దరూ ఎయిర్‌పోర్టుకు వెళ్ళి నాగపూర్ టోర్నమెంటుకు విమానం ఎక్కుతారు. ఏళ్ళ తరబడి కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడుతున్న జోడీ మరి. శివశంకర్ తల్లి రుక్కమ్మ ఇద్దరికీ చాలేలా సర్వపిండి కాల్చి డబ్బాలో పెట్టింది కూడా.

అంతలో శేఖర్ ఫోన్ చేశాడు.

"శివన్నా, నువ్వు ఆటోల పోరాదే. నేను సీదా ఆడికే వస్త. జర పనున్నది."

"ఏం పని?"

"తర్వాత చెప్త తియ్."

ఆ మాట శివశంకర్‌కు మింగుడుపడలేదు. శేఖర్ కడుపునొప్పి వచ్చినా ముందు తనకు చెప్పేవాడు, ఆ తర్వాతే డాక్టరుకు. ఇప్పుడు తనకు చెప్పకుండా ఏం పని? అప్పటికి, 2012లో, శివశంకర్‌కు ముప్పై దాటాయి. ఆ వయసులో జోడీ చెదిరితే కొత్తవాడు దొరకడు, దొరక్కపోతే ఆట అక్కడితో సరి.

"గింత దానికే పరేషాన్ అయితవేంది?" అంది భార్య కవిత. "నేను పుట్టింటికి పోయినప్పుడు గూడ గిట్ల కాలేదు నువ్వు."

"నువ్వు పోతే నా ర్యాంకు పోదు గదా!"

అన్నాక ఆమె ముఖం చూసి, బ్యాగు భుజాన వేసుకుని గబగబా బయటపడ్డాడు.

ఎయిర్‌పోర్టు ముందు ఆటో దిగేసరికి శేఖర్ కారు కనిపించింది. దాంట్లోంచి శేఖర్ వెంట ఇంకొకడు దిగాడు. వాడు భీమవరం వరప్రసాద్. మంచి కుర్రాడు, నెమ్మదస్తుడు, కాని ఎడమచేతి వాటం! డబుల్స్‌లో కుడిచేతి వాడి పక్కన ఎడమచేతి వాడు నిలబడితే కోర్టుకు రెండు వైపులా బలమే. అందుకే ఎడమచేతి వాడు కనిపిస్తే చాలు, ప్రతి కుడిచేతి ఆటగాడికీ నోరూరుతుంది. శివశంకర్‌దీ శేఖర్‌దీ ఇద్దరిదీ కుడిచెయ్యే.

"తోవల కలిసిండు," అన్నాడు శేఖర్, ఎటో చూస్తూ.

శివశంకర్ నమ్మలేదు. భీమవరం వాడికి గగన్‌పహాడ్‌లో ఏం పని?

బ్యాగులు ఇచ్చే లైనులో శేఖర్ ముందు నిలబడ్డాడు. వెనుక వరప్రసాద్, ఆ వెనుక శివశంకర్. శేఖర్ కుడిచెయ్యి వీపు వెనక్కు పోయింది. చిటికెన వేలు తెరుచుకుంది, ముడుచుకుంది, మళ్ళీ తెరుచుకుంది. శివశంకర్ ఒళ్ళు మండిపోయింది. సర్వీసు చేసేవాడు ఎలా కొట్టబోతున్నాడో వెనకున్న తన జోడీకి అలా వేళ్ళతోనే చెబుతాడు. చిటికెన వేలు చూపితే షటిల్‌ను ఎదుటివాడి తల మీదుగా లేపుతాడని గుర్తు. ఆ గుర్తు తామిద్దరి సొత్తు! తన కళ్ళముందే దాన్ని వరప్రసాద్‌కు చూపిస్తున్నాడు!

శేఖర్ టీ తేవడానికి వెళ్ళగానే శివశంకర్ డబ్బా తెరిచి వరప్రసాద్ పక్కన చేరాడు.

"తిను తమ్మీ. నీ మంచికే ఒక మాట చెప్త. శేఖర్‌ది కుడి భుజం ఖతమైంది. మూడో గేమ్‌ల చెయ్యి లేవది. బయటికి చెప్పడు, నేనే మోస్తున్న."

అది పచ్చి అబద్ధం. కాని చెబుతుంటే హాయిగా ఉంది.

"అయ్యో! నాకసలు తెలియదండీ," అన్నాడు వరప్రసాద్.

"ఇంకో మాట. ఈ జోడీల ఎవ్వరినీ నమ్మకు. మా శంషాబాద్ దిక్కు ఆటగాళ్ళు అవసరం తీరితే నడిమిట్ల ఇడిసిపెడ్తరు."

"మీరు కూడానాండీ?"

"అందరం!" అన్నాడు శివశంకర్, ఊపులో.

వరప్రసాద్ సర్వపిండి ముక్క భద్రంగా డబ్బాలో పెట్టేసి లేచాడు. టీ కప్పులతో వస్తున్న శేఖర్‌కు ఎదురెళ్ళి, చేతులు జోడించి ఏదో చెప్పి, అదే విమానానికి వచ్చి దూరంగా కూర్చున్న తన పాత జోడీ దగ్గరికి పోయి కూర్చున్నాడు. గెలిచానని శివశంకర్ మురిసిపోయాడు.

శేఖర్ కప్పులు కింద పెట్టి నీరసంగా కూలబడ్డాడు.

"ఏమన్నవే వానితోని? నెలసంది బతిమిలాడి ఒప్పిచ్చిన. పొద్దుగాల మా ఇంటికి పిలిచి చాయ్ తాపి మాట తీస్కున్న. ఇప్పుడు వద్దంటుండు."

"నన్ను ఇడిసిపెట్టి వానితో ఆడుతవా?"

"నేనెక్కడ ఆడుత? నీ కోసమే గదనే, నా తర్వాత నీ పక్కన ఆడనీకే వాన్ని తెచ్చింది!" శేఖర్ కుడి భుజం పట్టుకున్నాడు. "నా భుజం పోయింది. ఆపరేషన్ అంటున్నరు. పొలం పనుంది, అందుకే ఆట ఇడుస్తున్న అని వానికి చెప్పిన. నాగపూర్ అయినంక నీకు చెప్దామనుకున్న. ముందే చెప్తే నీ ఆట చెడుతదని."

"మరి ఆ చిటికెన వేలు?" అన్నాడు శివశంకర్.

"భుజం నొప్పికి వేలు తిమ్మిరెక్కుతది. ఆడిస్తుండుమన్నడు డాక్టర్."

శివశంకర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచివాణ్ణి అనుమానించినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. అబద్ధం సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు. శేఖర్ డబ్బాలోంచి ఒక ముక్క అతని చేతిలో పెట్టి, "పోనీ తియ్, ఒక్కటైతే నయం. నా భుజం సంగతి నాగపూర్‌ల ఎవ్వనికీ తెల్వది," అన్నాడు. శివశంకర్ తెరిచిన నోట్లో సర్వపిండి పెట్టుకున్నాడు.

మొదటి రౌండులో వాళ్ళకు ఎదురుపడింది వరప్రసాద్ జోడీయే. ఆట మొదలైనప్పటి నుంచి ప్రతి షటిలూ తిన్నగా శేఖర్ కుడి భుజం మీదికే వచ్చింది. వీళ్ళకెవరు చెప్పి ఉంటారా అని శేఖర్ ఇప్పటికీ అందరినీ అనుమానిస్తూనే ఉన్నాడు, ఒక్క శివశంకర్‌ను తప్ప.