ఊరికే కొట్టేసిన సెలవు

ఆఫీసులో అందరూ ఆయనను గళ్లాయన అంటారు. టీ ఎక్కడ తాగాలన్నా ముందు కాగితం మీద గళ్లు గీసి, గుణదోషాలకు మార్కులు వేసి, మొత్తం కట్టిన తరువాతే లేస్తాడు గనుక ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ శుక్రవారం ఉదయం ఆయన పథకం సరళమైనది. పదకొండు గంటలకు సంస్థ కొత్త వెబ్‌సైటుకు ఫ్రేమ్‌వర్క్, అనగా సైటును నిలబెట్టే చట్రం, ఎంచుకోవాలి. పన్నెండింటికి సెలవు మంజూరు చేయించుకోవాలి. అయిదింటికి భార్యతో కలిసి రైలెక్కాలి. ఫ్రేమ్‌వర్క్ తేలితేనే సెలవని డైరెక్టరుగారు ముందే చెప్పారు. భార్య అంతకన్నా ముందే చెప్పింది.

"నాకు ముగ్గురు తమ్ముళ్లు. ఇద్దరి పెళ్లిళ్లకీ ఒక్కదాన్నే వెళ్లాను. మిగిలింది వీడొక్కడే. మీ వీలు చూసుకుని వాడు మళ్లీ చేసుకోడు కదండీ!"

అయితే ఇరవై ఆరు గళ్ల పట్టికలో రెండు ఫ్రేమ్‌వర్కులకూ సరిగ్గా నూట నలభై రెండేసి మార్కులు వచ్చి కూర్చున్నాయి. ఒకటి మొన్న మొన్న పుట్టినది. దాని భక్తుడిని మెరుపు అంటారు. రెండవది పదేళ్లనాటిది, దాని పక్షం వహించినవాడు నిదానం.

"సార్, దాంతో కడితే సైటు పుడుతూనే ముసలిదైపోతుంది," అన్నాడు మెరుపు.

"నీదానికి ఇంకా పాలపళ్లే రాలేదు," అన్నాడు నిదానం.

గళ్లాయన మధ్యేమార్గం కనిపెట్టాడు. ఇద్దరూ గంటలో ఒకే పేజీ కట్టి చూపాలి. సెలవు దరఖాస్తు పేజీ అయితే చిన్నది. పరీక్షకు ఎవరి వివరాలు పెట్టాలన్న ప్రశ్నకు ఆయన తన వివరాలే ఇచ్చాడు. పరీక్షకైనా సరే, అబద్ధం రాయడం ఆయనకు గిట్టదు. 'ఇంట్లో ఎవరికి తెలియజేయాలి?' అన్న గడిలో భార్య ఫోను నంబరు కూడా నింపాడు.

మెరుపు మంజూరు మీట నొక్కి చూశాడు. నిదానం తిరస్కరణ మీట నొక్కి చూశాడు. కారణం రాయనిదే పేజీ కదలనంటే, 'ఊరికే' అని రాశాడు. పనిచేసింది. ఆ ఆనందంలో ఇంకో నాలుగుసార్లు నొక్కాడు.

గళ్లాయన ఫోను మోగింది.

"ఏమండీ, మీ సెలవు ఒకసారి ఇచ్చి అయిదుసార్లు కొట్టేశారని నా ఫోనుకి కబుర్లొచ్చాయి! ఊరికే అంటే ఏమిటండీ?"

"అబ్బే, అది ఉత్తుత్తి తిరస్కరణే!"

"అయితే ఆ ఇచ్చింది?"

"అదీ... ఉత్తుత్తిదే."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

పది నిమిషాలకు డైరెక్టరుగారు చేతిలో ఫోనుతో గదిలోంచి బయటికి వచ్చారు.

"నేను మీ సెలవు ఎప్పుడు కొట్టేశానయ్యా? మీ ఆవిడ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, అందరూ వింటున్నారు."

"నాకు రెండు లింకులొచ్చాయండీ. ఒకటి నొక్కితే ఇప్పటిదాకా గిరగిరా తిరుగుతూనే ఉంది. రెండోది నా పాత ఫోన్లో కూడా టక్కున తెరుచుకుంది. అందులో మంజూరు మీట కనబడితే నేనే నొక్కేశాను."

నిదానం బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు.

"టక్కున తెరుచుకున్నది నాదేనండి."

"సార్, ఇంట్లోంచి ఎవరు పడితే వాళ్లు మంజూరు చేసెయ్యొచ్చంటే అది పెద్ద తప్పు కదా!" అన్నాడు మెరుపు.

"తప్పే. సోమవారం సరిచేయించండి," అన్నారు డైరెక్టరుగారు. "కానీ ఆ మంజూరు జోలికి మాత్రం వెళ్లకండి. రద్దు చేస్తే ఆవిడకి ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

మెరుపు తన తెర వైపు తిరిగిపోయాడు.

నాలుగు గంటలకు గళ్లాయన సంచీ భుజాన వేసుకుని, కూర్చోకుండానే నివేదిక ముగించాడు. ఇరవై ఆరు గళ్లనూ కొట్టివేసి, ఎంపికకు కారణం అన్న చోట రెండే మాటలు రాశాడు: 'ఇంట్లో చెప్పారు.'