కర్చీఫులకే సీట్లు

సోమవారం నుంచి మెట్రో రైల్లో సీటు మీద పడిన కర్చీఫును పూర్తిస్థాయి ప్రయాణికుడిగా లెక్కించసాగారు. మంగళవారానికల్లా నగరం ఆ సంగతి మరిచిపోయి తన పని తాను చూసుకుంది.

దీనికంతటికీ కారణం పోటీ. ఏటా నగరాల మెట్రోలన్నీ ఒకచోట కూడి, ఎవరి సీట్లు ఎంత నిండాయి, ఎవరి తలుపులు ఎంత త్వరగా మూసుకున్నాయి, ఎవరి మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అని లెక్కలు చూసుకుంటాయి. ఒకరి మంచి పద్ధతి ఇంకొకరు పుచ్చుకుంటారు. ఆ లెక్కల మెట్ల మీద మన మెట్రోది ఎప్పుడూ అడుగు మెట్టే. ఈసారి మొదటి స్థానంలో ఉన్న నగరం నుంచి వచ్చిన పరిశీలకులు, బస్సుల కాలం నాటి మన ఆచారం ఒకటి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. సీటు మీద కర్చీఫు వేస్తే చాలు, మనిషి లేకపోయినా ఆ సీటు జోలికి ఎవరూ పోరు. పైగా కర్చీఫు తలుపుకు అడ్డం నిలబడదు, ఫోన్లో పాటలు మోగించదు, ఫిర్యాదు రాయదు. ఎన్ని మడతలున్నా మడతపేచీ పెట్టదు. ఖర్చు లేని చీఫ్ గనకే దాన్ని కర్చీఫ్ అన్నారేమో. వాళ్ళు ఆ పద్ధతిని పట్టుకుపోయి, బదులుగా తమ తలుపుల వేగాన్ని మనకిచ్చి పోయారు. ఇప్పుడు తలుపు కర్చీఫు విసిరేంతసేపే తెరుచుకుంటుంది. నగరాల్ని పోల్చే హడావిడిలో మనుషుల్ని పోల్చుకునే తీరిక ఎవరికీ చిక్కలేదు.

సిద్ధిరాములు బీమా ఆఫీసులో గుమాస్తా. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు చెప్పి ఉన్నాడు. ఆ సోమవారం ఆయన నీలం గళ్ళ కర్చీఫు విసిరాడు. అది కూర్చుంది. తలుపు మూసుకుంది. ఆయన ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాడు గానీ, ఆఫీసు నుంచి ఫోను మాత్రం రాలేదు. సాయంత్రం కర్చీఫు డ్యూటీ ముగించుకుని, ఇస్త్రీ నలగకుండా తిరిగొచ్చింది.

కొన్నాళ్ళకు ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాళ్ళంతా టీలు తాగుతూ ఒక కాలనీలా కలిసిపోయారు.

"మాది తెల్లది గద, పిల్లలు చప్పుడు చెయ్యకుంట వింటున్నరట," అంది కనకలక్ష్మి టీచరు.

"మా దానికేం తక్కువక్కా? మేనేజరు ఎంత తిట్టినా మారు మాట్లాడదట," అన్నాడు సిద్ధిరాములు, సగం గర్వంగా, సగం కుళ్ళుగా.

ఆ కుళ్ళు ముదిరి, ఒకరోజు కర్చీఫు వెనకాలే పక్కకు తిరిగి తలుపు సందులోంచి లోపలికి దూకాడు. బోగీ నిండా కర్చీఫులే. మనిషన్నవాడు లేడు. మోకాళ్ళు పీకుతున్నా, ఒకరు కర్చీఫు వేసుకున్న సీట్లో కూర్చోవడానికి పెంపకం ఒప్పుకోలేదు. నిలబడ్డాడు. మెట్రో ఉద్యోగిని ఒకామె దగ్గరికొచ్చింది.

"అన్నా, మీరొక్కరు నిలబడేసరికి రద్దీ కింద రాయాల్సొస్తది."

"అంతా ఖాళీయే గదమ్మా."

"ఖాళీ ఏడున్నదన్నా? అందరు కూసున్నరు గద."

ఆమె అన్నది నిజమే గనక ఆయన ఏమీ అనుకోవద్దన్నాడు.

ఆఫీసులో ఆయన కుర్చీలో ఆయన కర్చీఫు కూర్చుని ఉంది. మేనేజరు కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఎవరు కావాలె?"

"సార్, నేను దాని మనిషిని."

"ఓహో. మంచిగ పెంచినవయ్యా. ఒక్క దినం లేటు లేదు." మేనేజరు కర్చీఫు మడత సరిచేశాడు. "దాన్ని రోజు ఉతికి ఇస్త్రీ చేసేతందుకు ఒక పోస్టున్నది. కాంట్రాక్టు. చేస్తవా?"

సిద్ధిరాములు తలూపాడు. ఉద్యోగం పోలేదు. ఇంకా అడగడం అత్యాశేమో అనుకుంటూనే అడిగాడు.

"కూసునేతందుకు కుర్చీ ఇస్తరా సార్?"

"కుర్చీ ఎందుకయ్యా? ఇస్త్రీ చేసేది నిలబడే గద."

ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనబడలేదు. చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని, ప్లగ్గు ఎక్కడుందని అడిగాడు.