తిట్టుకో సంతకం

ఆ ఆదివారం పొద్దున ఫ్రేములాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. నవలాకారుడు వస్తాడు. అక్క చేతికి పుస్తకం ఇస్తాడు. కాఫీ తాగి వెళ్ళిపోతాడు. కారు వీధి మలుపు తిరగగానే ఆ పుస్తకం అక్క చేతిలోంచి తమ్ముడి చేతిలోకి వస్తుంది. అంతే. రాత్రంతా ఇదే తలుచుకుని ఆయనకు కంటిమీద కునుకు లేదు.

ఫ్రేములాయన అంటే ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు మనిషి. ఊళ్ళో సగం మంది తాతలు ఆయన బిగించిన అద్దాల వెనకే ఉన్నారు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఆ నవలాకారుడి ప్రతి నవలా మొదటి ముద్రణలోనే ఆయన బీరువాలో ఉంది, తొలి నవల తప్ప. అది అచ్చయిన కొత్తలోనే రచయిత సిగ్గుపడి, షాపులన్నీ తిరిగి కాపీలు వెనక్కి తెచ్చుకుని తగలబెట్టాడని చెప్పుకునేవారు. ఒక్క కాపీ మాత్రం రచయిత దగ్గరే మిగిలిందట. ఇవాళ రాబోతున్నది అదే.

సంతకం ఉన్న ఉత్తరాలకు మాత్రం కొదవ లేదు. గోడ నిండా ఫ్రేములు కట్టి పెట్టుకున్నాడు. అవి సంపాదించిన తీరు నలుగురిలో చెప్పుకునేది కాదు. మెచ్చుకుంటూ రాస్తే నవలాకారుడినుంచి జవాబు రాదు. ఫ్రేములాయన ఏళ్ళ తరబడి మెచ్చుకుని, ఒకనాడు ఒళ్ళు మండి, తిడుతూ రాశాడు. వారం తిరక్కుండా నాలుగు పేజీల జవాబు వచ్చింది, కింద నల్లసిరాతో నిండైన సంతకం. అప్పటినుంచి తిట్టడమే పనిగా పెట్టుకున్నాడు. ఒక్క పేరుతో ఎంతని తిడతాడు? తన ఇంట్లోనే ఉంటున్న, భర్త పోయిన అక్క పేరు వాడుకున్నాడు. పక్క సందులోని దర్జీ చిరునామాలో ఒక మాజీ సైనికుణ్ణి పుట్టించాడు. సైనికుడు యుద్ధం అధ్యాయాల మీద విరుచుకుపడేవాడు. అక్క ఆడపాత్రల మీద పడేది. ఇద్దరిలో అక్క నోరే పెద్దది, జవాబులూ ఆమెకే ఎక్కువ.

మీ ఉత్తరాల రుణం తీర్చుకోవాలి, నా తొలి పుస్తకం మీ చేతికే ఇస్తాను అంటూ అక్క పేరు మీద కబురు వచ్చింది. టైపు చేసిన కాగితం, సంతకం లేదు. ఆ లోటుకి ఫ్రేములాయన కాసేపు బాధపడి, తర్వాత గాల్లో తేలిపోయాడు. అక్కకు సంగతి చెప్పే ధైర్యం మాత్రం ఆ పొద్దునదాకా రాలేదు.

"ఇన్నాళ్ళుగా నా పేరు పెట్టి పరాయి మగాణ్ణి తిడుతున్నావా?" అంది అక్క.

"మర్యాదగానే తిట్టానక్కా."

అక్క తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. ఆ తిట్లు తింటున్న మనిషి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకూ ఉంది. సరేనంది. గొంతు నొప్పి అని సైగ చేసి ఊరుకోమనీ, మిగతాది తాను చూసుకుంటాననీ ఆయన చెప్పాడు. ఉత్తరాల ఫ్రేములన్నీ దించి మంచం కిందికి తోశాడు. దుమ్ము పట్టని తెల్లటి చదరాలు గోడ నిండా బయటపడ్డాయి.

నవలాకారుడు అనుకున్నదానికంటే ముందే దిగాడు. బక్కపలచని ముసలాయన, మీద వదులు కోటు, చంకలో పాత న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం. ఫ్రేములాయన కళ్ళు మనిషిని వదిలి పొట్లానికి అతుక్కుపోయాయి. గోడమీద మచ్చలేమిటని నవలాకారుడు అడిగితే, రంగులు వేయించబోతున్నామని అన్నాడు. ముసలాయన పొట్లం బల్లమీద పెట్టి, అక్కకు ఎదురుగా కూచుని, తన నవలల్లో అన్నిటికంటే చెత్తది ఏదో చెప్పమని బతిమాలాడు.

అక్క గొంతు నొప్పి మర్చిపోయింది. "నేను ఒక్కటీ చదవలేదు."

తమ్ముడికి పైప్రాణాలు పైనే పోయాయి. నవలాకారుడు మాత్రం తొడ చరుచుకుని నవ్వాడు. "అచ్చం అదే ధోరణి. నా పుస్తకం పదో పేజీ దాటానన్నవాడు అబద్ధాలకోరు అని రాశారు కదమ్మా, గుర్తుందా?"

"రాసే ఉంటాను," అంది అక్క.

ఆయన హుషారు రెట్టింపయింది. పక్క సందులో ఒక మాజీ సైనికుడు ఉండాలి, ఆయనకూ నా మీద కోపమే, వచ్చినవాణ్ణి ఆయన్నీ చూసి పోతానని లేచాడు. ఫ్రేములాయన ఆయన్ని బలవంతాన కూచోబెట్టి, పెరటిదారిన పరుగు తీశాడు. దర్జీ ఆదివారం కూడా గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఉన్నపళంగా రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"నువ్వు యుద్ధంలో పనిచేశావు," అన్నాడు దారిలో రొప్పుతూ.

"ఎవరితో అన్నా?"

"ఎవరితోనైనా. కోపంగా ఉండు, చాలు."

దర్జీ మెడలో టేపుతో వచ్చాడు. కుడిచేతిలో కత్తెర ఉండిపోయింది గనక ఎడమచేత్తో సెల్యూట్ కొట్టాడు. కోపం మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. అంతలో ఆయన చూపు నవలాకారుడి కోటు మీద పడింది. అప్పుడు నిజంగానే వచ్చింది.

"ఈ భుజాలు కుట్టినవాడెవడండీ? మనిషికి కుట్టాడా, చిలక్కొయ్యకి కుట్టాడా?"

"విన్నారా అమ్మా," అన్నాడు నవలాకారుడు మురిసిపోతూ, "ఉత్తరంలోనూ ఇంతే, ఎత్తుకోవడమే నిలదీత." అంటూ కోటు విప్పి చేతికిచ్చాడు. దర్జీ ఇక యుద్ధం మర్చిపోయాడు. కత్తెర మొనతో చెయ్యి కుట్లు టకటకా విప్పేస్తూ, తీరిగ్గా మంచం మీద చతికిలపడ్డాడు. మంచం పాతది. మధ్యలో ఫెళ్ళున విరిగి కిందున్న ఫ్రేముల మీద కూలింది. అద్దాలన్నీ ఒక్కసారిగా పగిలాయి. ఒక్కో ఫ్రేమూ నేలమీద జారుకుంటూ బయటికి వచ్చింది.

నవలాకారుడు వంగి చూశాడు. అక్కకు వచ్చిన ఉత్తరం. దాని పక్కన సైనికుడికి వచ్చినది. మళ్ళీ అక్కది. మళ్ళీ సైనికుడిది. దర్జీ చేతిలో ఊడిన కోటు చెయ్యి వేలాడుతోంది. ఫ్రేములాయన చూపు మాత్రం బల్లమీది పొట్లం మీదే ఉంది.

"అయితే ఆవిడ చెప్పింది నిజమే," అన్నాడు నవలాకారుడు నెమ్మదిగా.

ఆవిడంటే ఆయన భార్య. సైనికుడూ లేడు, గీనికుడూ లేడు, ఇదంతా ఆడపాత్రల మీద పడే ఆ మహాతల్లి నోరేనని ఆమె ఏనాడో పసిగట్టిందట. మెచ్చుకోలు ఆమెకు చిరాకు, పోట్లాటంటే ప్రాణం. జవాబులన్నీ ఆమే రాసేది. సంతకాలూ ఆమే చేసేది. భర్త సంతకం బాగుండదని ఆయన్ని కాగితం ముట్టుకోనిచ్చేది కాదు. పోయేముందు కూడా ఈ పుస్తకం ఆ తిట్టే మనిషికే ఇమ్మని ఒట్టు వేయించుకుంది.

ఫ్రేములాయన గోడవైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ఆయన ఒక గృహిణి చేతిరాతను అద్దాల్లో పెట్టి దుమ్ము తుడుస్తూ వచ్చాడు.

"ఎప్పుడు పోయారు?" అంది అక్క.

"చలికాలంలో. అప్పట్నుంచి ఇంట్లో నన్ను తప్పు పట్టేవాళ్ళు లేరమ్మా."

రాసింది నేనే అని చెప్పడానికి ఫ్రేములాయన నోరు తెరిచాడు. చెబితే పుస్తకం వచ్చిన కారులోనే వెనక్కి పోతుంది. నోరు మూసుకున్నాడు. ఆయన ఏదో అనబోయాడని గమనించి, మీరు నా నవలలు చదువుతారా అని నవలాకారుడు మర్యాదకు అడిగాడు.

"అన్నీ చదివానండీ. ఒకదాన్ని మించి ఒకటి."

"సంతోషం," అని నవలాకారుడు అక్కవైపు తిరిగిపోయాడు.

పుస్తకం అక్క చేతికి ఇచ్చాడు. ఆమె అట్ట తిప్పి, మీ సంతకం ఏదని గద్దించింది. అలవాటు లేదంటే వినలేదు. ఆయన బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా కూడబలుక్కుని సంతకం పెట్టాడు. వంకరగా ఉంది. లోకంలో అలాంటిది ఇంకొకటి లేదు. ఫ్రేములాయన మనసులోనే దానికి ఫ్రేము కొలత తీసుకున్నాడు. ముసలాయన ఒంటిచెయ్యి కోటు తొడుక్కుని, ఎన్నాళ్ళకో కడుపునిండా తిట్లు తిన్న మొహంతో కారెక్కాడు.

కారు మలుపు తిరిగింది. తమ్ముడు చెయ్యి చాపాడు. అక్క పుస్తకం వెనక్కి లాక్కుంది.

"తిట్టినదానికిమ్మందట ఆవిడ."

"తిట్టింది నేనక్కా."

"నా పేరుతో," అని అక్క తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

పుస్తకం ఆమె చదివింది. అస్సలు నచ్చలేదు. ఆ ముక్క స్వయంగా రాసి పోస్టులో వేసింది. ఇప్పుడు వారం వారం నవలాకారుడి దగ్గరనుంచి ఆమెకు జవాబు వస్తోంది, ఆయన చేతిరాతతో, కింద ఆ వంకర సంతకంతో. కవరు వచ్చినప్పుడల్లా ఫ్రేములాయన కొత్త ఫ్రేము పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. అక్క ఉత్తరం పూర్తిగా చదువుతుంది, కళ్ళు తుడుచుకుంటుంది, ఆపైన నాలుగు ముక్కలుగా చింపి చెత్తబుట్టలో వేస్తుంది. చదవడం అయిపోయిన కాగితం ఇంట్లో ఉంటే పురుగులు చేరతాయట.